కో కెర్, బెంగ్ మేలియా ఒక్క రోజులో: అమ్మగారితో వెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: డిసెంబరు చివర్లో కంబోడియాలోని సియెం రీప్‌లో నాలుగు రోజులు ఉంటారు. మీరు, మీ ఆవిడ, 68 ఏళ్ల అమ్మగారు. మూడు రోజులు ఆంగ్‌కోర్ వాట్, దాని చుట్టుపక్కల గుళ్లకే సరిపోతాయి. నాలుగో రోజు కారు మాట్లాడుకుని, దూరంగా అడవుల్లో ఉన్న కో కెర్, బెంగ్ మేలియా, ప్రేహ్ విహార్, వీలైతే బంతేయ్ స్రేయ్ కూడా చూసి రావచ్చా? అమ్మగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆ రోజు హోటల్లో ఉంచడం మంచిదా?

నాలుగూ ఒక్క రోజులో కావు. కో కెర్, బెంగ్ మేలియా రెండే పెట్టుకోండి. తెల్లవారకముందే బయల్దేరి ముందు దూరంగా ఉన్న కో కెర్‌కు పోండి, తిరుగుదారిలో బెంగ్ మేలియా చూడండి. అమ్మగారిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. నిజానికి ఆంగ్‌కోర్ వాట్ పైఅంతస్తు మెట్లకంటే కో కెర్‌లో చిన్న చిన్న గుళ్లు ఆవిడకు చాలా తేలిక. కారు దిగితే నాలుగడుగుల్లో గుడి.

నేను కంబోడియా రాజధాని నాంపెన్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. ఇండియా నుంచి మనవాళ్లు ఎవరొచ్చినా వెంటబెట్టుకుని సియెం రీప్ తీసుకెళ్లే పని నాదే. అట్లా ఈ దారిలో పదకొండుసార్లు వెళ్లాను. అమ్మానాన్నలతో వెళ్లాను, 74 ఏళ్ల మా మేనత్తతో కూడా వెళ్లాను. కాబట్టి మోకాళ్ల సంగతి దగ్గరుండి చూసి చెబుతున్న మాటే.

ఎందుకు ముందు కో కెర్?

సియెం రీప్ నుంచి కో కెర్ సుమారు 120 కిలోమీటర్లు. రోడ్డు ఇప్పుడు బాగుంది, రెండుంపావు గంటల్లో చేరతారు. బెంగ్ మేలియా అదే దారిలో సగానికి కొంచెం అవతల వస్తుంది. అందుకే చాలామంది డ్రైవర్లు ముందు దాని దగ్గర ఆపుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అట్లా చేస్తే బెంగ్ మేలియాలో ఉదయం చల్లటి వేళంతా అయిపోయి, కో కెర్ చేరేసరికి నడినెత్తిన ఎండ ఉంటుంది. బెంగ్ మేలియా చెట్ల నీడలో ఉన్న గుడి, మధ్యాహ్నమైనా భరించొచ్చు. కో కెర్‌లో పెద్ద పిరమిడ్ ముందున్నది బయలు, చెట్టు నీడ లేదు. డిసెంబరులో కూడా పన్నెండు దాటాక అక్కడ నిలబడటం కష్టం.

మొదటిసారి మాకు జరిగింది అదే. ఒక ట్రావెల్ ఏజెన్సీ వాళ్లు "మూడు గుళ్లు, ఒక్క రోజు" అని ప్లాన్ ఇచ్చారు. తొమ్మిదికి బెంగ్ మేలియా, ఒంటిగంటకు కో కెర్, అక్కడి నుంచి ప్రేహ్ విహార్. కో కెర్‌లో నలభై నిమిషాలు కూడా ఉండలేకపోయాం. ప్రేహ్ విహార్ కొండ కిందికి చేరేసరికి పైకి పంపే కౌంటర్ మూసేశారు. కొండను కింద నుంచి చూసి, చీకట్లో నాలుగు గంటలు వెనక్కి వచ్చాం. మా నాన్న ఏమీ అనలేదు గానీ, ఆయన ఆ ప్రయాణానికి ఎన్ని నెలలుగా ఎదురుచూశారో నాకు తెలుసు. అప్పటి నుంచి ఎవరడిగినా రెండే అని చెబుతున్నాను.

ప్రేహ్ విహార్ ఇప్పుడు వద్దు

గుడి గురించి చెప్పాలంటే నా మనసులో దానికి ఉన్న చోటు ఇంకే ఖ్మేర్ (కంబోడియా పాత రాజుల కాలపు) గుడికీ లేదు. డాంగ్రెక్ కొండల అంచున, 525 మీటర్ల ఎత్తులో, కొండ కొసదాకా 800 మీటర్ల పొడవున ఒక గోపురం తర్వాత ఒక గోపురంగా సాగే శివాలయం. అక్కడి దేవుడి పేరు శిఖరేశ్వరుడు. కానీ అది థాయిలాండ్ సరిహద్దు మీద ఉంది. గుడి కంబోడియాదేనని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పిచ్చినా, 2008లో యునెస్కో జాబితాలో చేరినా గొడవ తీరలేదు. 2025 జులైలో, మళ్లీ డిసెంబరులో రెండు దేశాల సైన్యాల మధ్య అక్కడ పోరు నడిచింది, గుడికీ దెబ్బలు తగిలాయి. పెద్దావిడను తీసుకుని ఆ వైపు పోవడం సరికాదు. పడమటి వైపున్న బంతేయ్ ఛ్మార్ గుడి కూడా సరిహద్దుకు దగ్గరే, దానికీ ఇదే మాట. పరిస్థితి పూర్తిగా చల్లబడ్డాక ప్రేహ్ విహార్ కోసమే ఒక రోజు, ఆ దగ్గరి ఊళ్లో ఒక రాత్రి పెట్టుకుని రండి. ఆ గుడిని పరుగులో చూడకూడదు.

బంతేయ్ స్రేయ్‌ను ఆంగ్‌కోర్ రోజుల్లో కలపండి

అది పట్నానికి 35 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఒక పూట పని. 967లో ప్రతిష్ఠ జరిగిన చిన్న గుడి. కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే గురువు. గులాబి రంగు ఇసుకరాతి మీద రావణుడు కైలాసం కదపడం, ఖాండవ దహనం, వాలి సుగ్రీవుల పోరు, నరసింహుడు హిరణ్యకశిపుణ్ని చీల్చడం అన్నీ ఉంటాయి. మీ అమ్మగారికి గైడ్ అక్కర్లేదు, ఆవిడే మీకు కథ చెబుతారు. నేల చదును, మెట్లు తక్కువ. ఉదయం ఏడున్నరకు తెరుస్తారు, అప్పుడే చేరండి. తొమ్మిది దాటితే బస్సులొస్తాయి.

టికెట్ దగ్గర ఒక మెలిక ఉంది, జాగ్రత్త

బెంగ్ మేలియా 2020 నుంచి ఆంగ్‌కోర్ పాస్‌లోనే కలిసింది. పాస్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మీరు మూడు రోజుల పాస్ కొని ఆ మూడు రోజులూ ఆంగ్‌కోర్‌లో వాడేస్తే, నాలుగో రోజు బెంగ్ మేలియా గేటు దగ్గర మళ్లీ 37 కట్టాలి. దానికంటే మొదటే ఏడు రోజుల పాస్ తీసుకుంటే మనిషికి 10 డాలర్లే ఎక్కువ. లేదంటే ఆంగ్‌కోర్‌ను రెండు రోజులకు కుదించి, మూడో రోజు ఈ ప్రయాణం పెట్టుకుని, నాలుగో రోజు ఊరికే విశ్రాంతి తీసుకోండి. అమ్మగారితో కాబట్టి నేనైతే ఈ రెండోదే చేస్తాను. మూడు రోజుల పాస్‌ను పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు, వరసగా ఉండాలని లేదు.

కో కెర్‌కు పాస్ పనికిరాదు, విడిగా టికెట్. నేను ఆఖరుసారి వెళ్లినప్పుడు మనిషికి 15 డాలర్లు. నోట్లు చిరిగినా, గీతలున్నా తీసుకోరు, కొత్త నోట్లు పెట్టుకోండి. కారుకు ఆ రోజంతటికీ నేను ఇచ్చింది 90 డాలర్లు. టుక్‌టుక్‌లో వెళ్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, రానూ పోనూ 240 కిలోమీటర్లు దుమ్ములో.

కో కెర్‌లో ఏం చూడాలి

ఇక్కడ నేను కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది పిరమిడ్ ఎక్కి, ఫొటో దిగి, గంటలో వెనక్కి తిరుగుతారు.

కో కెర్ 928 నుంచి 944 దాకా ఖ్మేర్ రాజ్యానికి రాజధాని. నాలుగో జయవర్మ ఆంగ్‌కోర్‌ను వదిలి ఇక్కడికి వచ్చాడు, ఆయన తర్వాత కొడుకు రెండో హర్షవర్మ కొన్నేళ్లు ఏలాడు, ఆ తర్వాత రాజధాని మళ్లీ ఆంగ్‌కోర్‌కే పోయింది. శాసనాల్లో ఈ ఊరి పేరు చోక్ గర్గ్యర్, లింగపురం అనీ ఉంది. ఇంత కొద్ది కాలంలోనే డజన్ల కొద్దీ గుళ్లు, ఒక పెద్ద చెరువు, ఆకాశాన్నంటే పిరమిడ్ కట్టారు. 2023లో యునెస్కో జాబితాలో చేరింది.

లోపల కార్లు చుట్టి వచ్చే దారి ఉంటుంది. మొదట వచ్చేది ప్రాసాత్ ప్రామ్. ప్రామ్ అంటే అయిదు, ప్రాసాత్ అంటే మన ప్రాసాదమే. అయిదు గుళ్లు, వాటిలో ఒకదాన్ని మర్రి జాతి చెట్టు వేళ్లు నిలువునా పట్టేసుకున్నాయి. దగ్గరికి వెళ్లి ఇటుకల వరస చూడండి. ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం గీత కనబడదు, గోరు దూరదు. అక్కడక్కడ పాత సున్నపు పూత పొరలా మిగిలి ఉంది. తెల్లటి వేరు ఒకటి గుమ్మం మీదుగా దిగి, గడపను దాటి, మట్టిలోకి పోతుంది. ఆ వేరు తీసేస్తే గుడి పడిపోతుంది, ఉంచితే ఏదో ఒక రోజు చీలుస్తుంది. మరమ్మతు చేసేవాళ్లకు ఇంతకంటే పెద్ద చిక్కు లేదు.

ఆ తర్వాత ఎర్రటి లాటరైట్ రాతితో కట్టిన ఒంటి గుడి, నియాంగ్ ఖ్మావ్. ఆ పేరును మన భాషలోకి మారిస్తే నల్లమ్మ. అయిదు నిమిషాలు చాలు.

ప్రాసాత్ చెన్ దగ్గర మాత్రం ఆగండి. డ్రైవర్ "అక్కడ ఏమీ లేదు" అంటాడు. నిజమే, మూడు ఎర్రరాతి గుళ్లు, కూలిన గోడలు తప్ప ఏమీ కనబడవు. కానీ ఈ గుడి పడమటి గోపురంలో ఒకప్పుడు తొమ్మిది విగ్రహాలు గుండ్రంగా ఉండేవి. మధ్యలో భీముడు, దుర్యోధనుడు గదలతో తలపడుతుంటారు, చుట్టూ బలరాముడు, పాండవులు చూస్తుంటారు. ఖ్మేర్ శిల్పంలో అంతకుముందు విగ్రహం నిటారుగా, కదలకుండా నిలబడేది. కో కెర్ శిల్పులు దాన్ని ఎగిరేలా, తిరిగేలా, కొట్లాడేలా చేశారు. నన్నయగారు తెలుగులో భారతం మొదలుపెట్టడానికి ఒక వంద ఏళ్ల ముందు, తిక్కనగారి గదాయుద్ధానికి దాదాపు 300 ఏళ్ల ముందు, ఈ అడవిలో ఆ ఘట్టాన్ని మనిషెత్తు రాళ్లలో నిలబెట్టారు. ఈ మాట చెప్పినప్పుడు మా నాన్న ఆ ఖాళీ నేలమీదే చాలాసేపు నిలబడిపోయారు.

1970ల మొదట్లో అంతర్యుద్ధం మధ్య దొంగలు ఆ విగ్రహాలను చీలమండల దగ్గర విరగ్గొట్టి ఎత్తుకుపోయారు. పాదాలు మాత్రం పీఠాల మీదే మిగిలాయి. ఏళ్ల తర్వాత అమెరికాలో వేలానికి వచ్చిన దుర్యోధనుడి విగ్రహం ఈ గుడిదేనని రుజువు చేసింది ఆ పాదాలే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2013లో మోకాళ్ల మీద కూర్చున్న రెండు విగ్రహాలను తిరిగిచ్చింది. 2014లో దుర్యోధనుడు, భీముడు, బలరాముడు ఇంటికొచ్చారు. ఇదే గుడి నుంచి వచ్చిన వాలి సుగ్రీవుల మల్లయుద్ధ విగ్రహం కూడా నాంపెన్ జాతీయ మ్యూజియంలో ఉంది. మీ ప్రయాణంలో నాంపెన్ ఉంటే ఆ మ్యూజియానికి ఒక పూట ఇవ్వండి. లేకపోతే ఆ విగ్రహాల ఫొటోలు ముందే ఫోన్‌లో దింపుకుని, ఆ గుడి ముందు నిలబడి అమ్మగారికి చూపించండి. కో కెర్‌లో సిగ్నల్ సరిగా ఉండదు.

ప్రాసాత్ థోమ్ అంటే పెద్ద గుడి. మొదట ఎర్ర ఇటుకల ప్రాసాత్ క్రహోమ్ వస్తుంది. అయిదు తలలతో నాట్యం చేసే శివుడి భారీ విగ్రహం దీంట్లోనే ఉండేది, వేల ముక్కలుగా దొరికింది. కందకం దాటి, కూలిన చిన్న గుళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి చివరి గోడ దాటగానే ఒక్కసారిగా పచ్చటి బయలు, దాని మధ్యలో ఏడంతస్తుల పిరమిడ్. అడుగున ఒక్కో వైపు 62 మీటర్లు, ఎత్తు 36 మీటర్లు. పైన త్రిభువనేశ్వరుడనే పేరుతో పెద్ద లింగం ఉండేది, ఇప్పుడక్కడ గొయ్యే మిగిలింది. ముందువైపు రాతిమెట్లు పాడైపోయాయి కాబట్టి ఎక్కనివ్వరు, పక్కన చెక్కమెట్లు వేశారు. మీరూ మీ ఆవిడా ఒకరి తర్వాత ఒకరు ఎక్కండి, ఒకరు అమ్మగారి దగ్గర ఉండండి. పైనుంచి చుట్టూ అడవి, ఇంకేమీ ఉండదు. అమ్మగారు బయలు అంచున చెట్ల కింద కూర్చోవచ్చు.

దారిలో ద్వారబంధాల మీద శాసనాలు చూడండి. గుండ్రటి, కిందికి కొక్కెంలా తిరిగిన అక్షరాలు. పల్లవుల కాలపు దక్షిణాది లిపి నుంచే ఖ్మేర్ లిపి పుట్టింది, మన తెలుగు లిపికి దగ్గరి చుట్టం. మీరు ఆ అక్షరాలు చదవలేకపోయినా, వాళ్ల బడిపిల్లలు ఈనాటికీ నేర్చుకుంటున్నది అదే క ఖ గ ఘ వరస.

లింగాల గుళ్లు వదలొద్దు

ఇదే నా అసలు మాట. ప్రాసాత్ థోమ్‌కు ఈశాన్యంగా ఒక కిలోమీటరు దూరంలో, దారి పక్కనే చిన్న చిన్న గుళ్లు వరసగా ఉంటాయి. ప్రాసాత్ థ్నెంగ్, ప్రాసాత్ బలాంగ్ అని అడగండి. డ్రైవర్లు ఆపకుండా పోతారు, అందుకే పొద్దున బయల్దేరేటప్పుడే ఈ పేర్లు చెప్పి పెట్టుకోండి. కప్పు కూలిపోయిన నాలుగు గోడల మధ్య, అదే చోట, వెయ్యేళ్లకు పైగా కదలని లింగాలు. పానవట్టం నా నడుము దాకా వస్తుంది. ఆంగ్‌కోర్‌లో మీరు చూసే చాలా గర్భగుళ్లు ఖాళీగానో, తర్వాతి కాలంలో పెట్టిన బుద్ధుడితోనో ఉంటాయి. ఇక్కడ దేవుడు ఉన్నాడు.

మా మేనత్తను తీసుకెళ్లినప్పుడు మాకంటే ముందు ఆవిడే కారు దిగింది. గుడి చుట్టూ ప్రదక్షిణ మొదలుపెట్టి, ఉత్తరం గోడ దగ్గరికి పోయి ఠక్కున ఆగింది. గోడలోంచి అభిషేకం నీళ్లు బయటికి వచ్చే రాతి గాడి ఉంది అక్కడ, సోమసూత్రం. ఆవిడ దాన్ని దాటకుండా వెనక్కి తిరిగి, వచ్చిన దారినే మళ్లీ నడిచింది. మా ఊరి శివాలయంలో ఎట్లా చేస్తుందో అట్లాగే. ఆవిడకు కంబోడియా ఎక్కడుందో కూడా సరిగా తెలియదు, ఆ గుడిలో ఎట్లా నడవాలో మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత బాటిల్‌లో నీళ్లు లింగం మీద పోస్తానంది. నేను వద్దని బతిమాలాను. ఆ రాయి నీటికి, నూనెకు, కుంకానికి నెమ్మదిగా పాడవుతుంది, కాపలా వాళ్లూ ఒప్పుకోరు. దండం పెట్టుకుని వచ్చేసింది. మీ అమ్మగారికీ ఈ సంగతి ముందే మెల్లగా చెప్పండి.

ఆ దగ్గర్లోనే రహాల్ అనే చెరువు ఉంది, కిలోమీటరుకు పైన పొడవు. చెరువుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, మాది వరంగల్ వైపు, మా తాత ఊరి చెరువుకు నీరటి. రాజధాని పక్కన నదికి అడ్డంగా జయవర్మ కాలంలో 7 కిలోమీటర్ల పొడవైన మట్టికట్ట కూడా వేశారు. దానికి పెట్టిన అలుగు వచ్చే వరదకు చాలలేదు. కట్టిన తొలి వానాకాలంలోనే తెగి ఉంటుందని పరిశోధకులు లెక్కగట్టారు. రాజధాని ఇంత తొందరగా వెనక్కి పోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. పాకాల, రామప్ప చెరువులు ఏడెనిమిది వందల ఏళ్లుగా నిలబడి ఇప్పటికీ పొలాలు తడుపుతున్న చోటి నుంచి వచ్చినవాణ్ని కాబట్టి, అలుగు కొలత తప్పితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రాజు ఎంత పెద్ద పిరమిడ్ కట్టినా ఊరికి నీళ్లు నిలబడాలి కదా.

బెంగ్ మేలియా

పన్నెండున్నరకల్లా కో కెర్‌లో భోజనం ముగించి బయల్దేరితే గంటలో ఇక్కడుంటారు. బెంగ్ అంటే కొలను, మేలియా మన మాలే. 12వ శతాబ్దపు గుడి, రెండో సూర్యవర్మ కాలపు పద్ధతి. అంటే ఆంగ్‌కోర్ వాట్‌కు తోబుట్టువు. చుట్టూ 45 మీటర్ల వెడల్పు కందకం. తేడా ఏమిటంటే దీన్ని ఎవరూ ఎత్తి నిలబెట్టలేదు, కూలింది కూలినట్టే ఉంది.

ఎందుకిట్లా కూలిందని మా నాన్న అడిగారు. ఖ్మేర్ శిల్పులు కప్పుకు కమాను కట్టలేదు. రాళ్లను ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ, మధ్యలో సున్నం లేకుండా, బరువు మీదే నిలిచేలా పేర్చారు. ఒక్క రాయి జారితే దాని పైవన్నీ దిగుతాయి. వేరు ఒకటి సందులో దూరితే చాలు. కూలిన ఇసుకరాళ్లను దగ్గరగా చూస్తే రెండు వేళ్లు పట్టే గుండ్రటి గుంటలు వరసగా కనబడతాయి. రాతిని ఎత్తడానికి మేకులు దిగ్గొట్టి తాళ్లు కట్టిన చోట్లవి. పక్కనే ఉన్న కులేన్ కొండల్లోంచి తెచ్చిన రాయి. పైన నాచు పట్టి పచ్చగా మారింది, డిసెంబరుకు వానలు వెనకబడినా నీడలో తడి ఆరదు. చెప్పులు జారతాయి, బూట్లు వేసుకోండి.

దక్షిణం వైపు దారి మొదట్లోనే పడగ విప్పిన పలు తలల నాగులు ఉన్నాయి. ఖ్మేర్ గుళ్లన్నింటిలో ఇంత చక్కగా నిలిచిన నాగుపడగలు నాకు ఇంకెక్కడా కనబడలేదు. ఒక్కో తల మీద కిరీటం గీతలు కూడా చెరగలేదు. అక్కడి వరకూ నేల చదును, అమ్మగారు హాయిగా నడుస్తారు. లోపల చెక్కతో వేసిన దారి ఉంది, మొదట ఒక ఫ్రెంచ్ సినిమా షూటింగ్ కోసం వేశారు. దానికి చేతికందే కమ్మీలున్నాయి గానీ మధ్యమధ్య మెట్లున్నాయి. మా మేనత్త మొదటి మలుపు దాకా వచ్చి, అక్కడి బల్ల మీద కూర్చుంది. మీ అమ్మగారికి ఓపిక ఉంటే సగం దాకా పోనివ్వండి, లేకపోతే నాగుల దగ్గర చెట్టు కింద కూర్చోబెట్టి మీరిద్దరూ అరగంటలో చుట్టి రండి. కూలిన రాళ్ల మీదికి ఎక్కవద్దు. ఎక్కించి ఫొటో తీస్తామని అక్కడివాళ్లు అడుగుతారు, వద్దని చెప్పండి.

నాలుగింటికి బయల్దేరితే అయిదున్నరకు హోటల్.

ఇంకొన్ని జాగ్రత్తలు

దారి వదలొద్దు. కో కెర్ చుట్టూ యుద్ధకాలపు మందుపాతరలు చాలా ఏళ్లు తీశారు. గుళ్ల దగ్గర శుభ్రం చేశారు, భయం లేదు. కానీ పొదల్లోకి, తుప్పల వెనక్కి పోవద్దు. ఎర్ర బోర్డు మీద పుర్రె బొమ్మ కనబడితే అక్కడి నుంచి వెనక్కి తిరగండి. బాత్రూం కోసం కూడా దారి దాటొద్దు, ప్రాసాత్ థోమ్ ముందు దుకాణాల దగ్గర ఉన్నాయి.

తిండి. మీరు శాకాహారులని రాశారు కాబట్టి ఇది ముఖ్యం. "ఒత్ యోక్ సాచ్" అంటే మాంసం వద్దు, "ఒత్ యోక్ త్రేయ్" అంటే చేప వద్దు. రెండూ చెప్పినా కూరలో చేపల నుంచి తీసిన పులుసు, తుక్ త్రేయ్, పోస్తారు. వాళ్లకు అది ఉప్పులాంటిది, మాంసం కింద లెక్క కాదు. దాన్ని కూడా విడిగా పేరు పెట్టి వద్దనాలి. అన్నం, వెల్లుల్లి వేసి వేయించిన త్రకూన్ అడగండి. అది మన తూటికూరే. అమ్మగారి కోసం హోటల్లో పెరుగన్నమో, వెంట తెచ్చుకున్న పులిహోరో డబ్బాలో పెట్టుకోవడం ఉత్తమం. దారిలో వెదురు బొంగుల్లో కాల్చిన క్రలాన్ అమ్ముతారు. జిగురన్నం, కొబ్బరిపాలు, బొబ్బర్లు, అంతే. బొంగును పైనుంచి పొరలుగా ఒలిచి చేత్తో తినాలి. మా మేనత్త రెండు తిని, మూడోది హోటల్‌కు తీసుకొచ్చింది.

బయల్దేరే వేళ. 5.45కు కారు కదలాలి. ఏడున్నరకు కో కెర్ తెరుస్తారు, ఎనిమిదికి మీరు లోపలుండాలి. ప్రామ్, నల్లమ్మ, చెన్ కలిపి గంటన్నర, ప్రాసాత్ థోమ్ గంటన్నర, లింగాల గుళ్లు ముప్పావుగంట. అమ్మగారికి ముందుసీటు ఇవ్వండి, కాళ్లు చాపుకోవచ్చు. ఒక మడత కుర్చీ కారులో పడేసుకోండి. మా వాళ్లందరికీ ఆ రోజు అన్నింటికంటే పనికొచ్చింది అదే.

డిసెంబరు ఆఖరి వారం కార్లకు గిరాకీ బాగా ఉంటుంది, నెల ముందే మాట్లాడుకుని, లింగాల గుళ్ల పేర్లు డ్రైవర్‌కు మెసేజ్‌లోనే రాసి పంపండి. మీ ఫ్లైట్ టైములు, హోటల్ ఉన్న చోటు ఇక్కడ రాస్తే ఏ రోజు ఏది పెట్టుకోవాలో చూసి చెబుతాను.